మిర్చి గదిలో గుండు టైర్లు

మా తమ్ముడు గోపాల్‌ది చలి వ్యాపారం, నాది ఆవిరి వ్యాపారం. సూర్యాపేట బయట హైవే పక్కన వాడికి మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. రైతులు దాన్ని ఏసీ అంటారు. మిర్యాలగూడలో నాకు ఉప్పుడు బియ్యం మిల్లు ఉంది. మా ఆయన పోయాక నేనే నడుపుతున్నాను. మేమిద్దరం ఎప్పుడు కలిసినా ఎవరిది గొప్ప అనే వాదన తప్పదు. లోకంలో ఏ వస్తువైనా చల్లగా పెడితేనే నిలుస్తుందని వాడంటాడు. వేడి తగలకపోతే నీ కంచంలోకి అన్నం కూడా రాదని నేనంటాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం వాడు. నేనూ తక్కువ తినలేదు.

వాదన లేకుండా మేమిద్దరం ఒప్పుకునేది ఒక్క ఇంద్రజ విషయంలోనే. గోపాల్ కూతురు, నా మేనకోడలు. కోదాడలో పుట్టి పెరిగిన పిల్ల ఇప్పుడు రేసు కారు నడుపుతుంది. ఒక్క మనిషి పట్టే కారు, నేలకు ఆనుకుని పాములా పోతుంది. మొదట్లో చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. ఆడపిల్లకు ఈ పిచ్చేమిటని నా ముందే అన్నారు. ట్రాక్టర్ మీద దుక్కి దున్నితే మెచ్చుకున్న నోళ్లే ఇవి అని నేను జవాబిచ్చాను. ఆ తర్వాత నా ముందు ఎవరూ అనలేదు.

ఆ కారు టైర్ల సంగతి చెప్పాలి. వాటి మీద గాడులు ఉండవు. నున్నగా, గుండు కొట్టించినట్టు ఉంటాయి. మొదటిసారి ఇంటికి తెచ్చినప్పుడు కోదాడలో వాళ్ల వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. ఎదురింటి ఏసమ్మ చేత్తో తడిమి చూసి జాలిపడింది.

"పిల్లను మోసం చేశారయ్యా. అరిగిపోయిన టైర్లు అంటగట్టారు" అంది.

గోపాల్ ముఖం చిన్నబోయింది. అప్పుడు ఇంద్రజ అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. పొడి రోడ్డు మీద గాడులు అక్కర్లేదని, ఈ రబ్బరు చాలా మెత్తదని, వెచ్చబడితే రోడ్డును పట్టుకుని వదలదని. ఆ రోజు నుంచి మా వాడు టైర్ల పండితుడైపోయాడు. మిర్చి దాచుకోవడానికి వచ్చిన రైతు కూడా వాడి దగ్గర గుండు టైర్ల పాఠం వినకుండా వెళ్లేవాడు కాదు.

ఈ ఏడాది ఇంద్రజ ఆఖరి పోటీ దాకా అందరికంటే ముందు వరసలో వచ్చింది. ఆ పోటీ జనవరిలో, చెన్నై దగ్గరి ట్రాక్ మీద. అందులో కాస్త ముందు వస్తే ఏడాది కప్పు మా పిల్లదే. ఆ పోటీలో నిర్వాహకులు ముద్ర వేసి ఇచ్చిన టైర్లే వాడాలి. ఎవరి వంతు వాళ్లకే, అయిపోతే మళ్లీ ఇవ్వరు. ఇంద్రజ తన వంతులో కొత్తవి నాలుగు ఆఖరి పోటీ కోసం దాచుకుంది. చెన్నైలో వాళ్ల జట్టు షెడ్డు రేకులది, ఎండ నేరుగా పడుతుంది. అందుకని వాటిని కోదాడ తీసుకొచ్చి ఇంట్లో సామాన్ల గదిలో నిలబెట్టింది. వెళ్లేటప్పుడు తండ్రికి జాగ్రత్తలు చెప్పింది. ఎండ తగలొద్దు, మోటారు దగ్గర పెట్టొద్దు, ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు, చల్లగా ఉండాలి.

మిగతావన్నీ మా వాడి చెవి పక్క నుంచి పోయాయి. చల్లగా అన్న మాట ఒక్కటే లోపలికి దిగింది. కూతురు తనను, తన వ్యాపారాన్ని వెతుక్కుంటూ వచ్చిందని పొంగిపోయాడు. మర్నాడే టైర్లను కారులో వేసుకుని సూర్యాపేట తెచ్చి, మిర్చి బస్తాల మధ్య అన్నిటికంటే పై అంతస్తులో పెట్టించాడు. నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు.

"చూస్తివా అక్కా, రేసు కారుకు గూడ నా ఏసీనే గతి అయింది" అన్నాడు.

నాకేం తెలుసు? వాడి గొప్పలు విని ఒళ్లు మండి ఫోన్ పెట్టేశాను.

ఆ జనవరిలో చలి బాగా ముదిరింది. పొద్దెక్కినా హైవే మీద మంచు విడిచేది కాదు. నేను మిల్లు పనిమీద సూర్యాపేట వచ్చి, తమ్ముడి ఆఫీసులో టీ తాగుతున్నాను. ఇంద్రజ ఆ మధ్యాహ్నం టైర్లు తీసుకుని మర్నాడు చెన్నై బయల్దేరాలి. కోదాడ ఇంట్లో గది ఖాళీగా ఉందని చూసి నేరుగా ఇక్కడికి వచ్చింది. గోపాల్ ఆమె కోసమే చూస్తున్నాడు.

"నీ సామాను ఎంత భద్రంగ పెట్టిన్నో చూపిస్త, రా" అన్నాడు.

బస్తాలుండే చాంబర్ తలుపు తెరవగానే మిర్చి ఘాటు గుప్పున కొట్టింది. నాకు తుమ్ములు మొదలయ్యాయి. లోపల హమాలీల మేస్త్రి నాగేష్, అతని మనుషులు అప్పటికే పైకెక్కి ఉన్నారు. వాళ్లు బస్తాలు దించే పద్ధతి ఒకటుంది. పైనుంచి ఒకడు జారవిడుస్తాడు, కిందివాడు భుజం పెట్టి అందుకుంటాడు. అదే ఊపులో ఒక టైరును జారవిడిచారు. కిందివాడి భుజానికి అది కొత్త. టైరు జారి నేల మీద పడింది.

ఏ టైరైనా కింద పడితే ఎగరాలి కదా. అది ఎగరలేదు. బండరాయి పడ్డట్టు దబ్బుమని పడి అక్కడే ఉండిపోయింది.

ఇంద్రజ గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. "అందరూ ఎక్కడున్నోళ్లు అక్కడ ఆగండి. మిగతావి ముట్టొద్దు."

హమాలీలు ఆగిపోయారు. గోపాల్ నవ్వు ముఖం మీదే ఉండిపోయింది.

"ఏమైందమ్మా? నువ్వే గదా చల్లగ ఉండాలన్నవ్."

"చల్లగ అంటే నీడ నాన్నా. మిర్చికి పెట్టే చలి కాదు." ఆమె టైరు పక్కన మోకాళ్ల మీద కూర్చుంది కానీ దాన్ని ముట్టుకోలేదు. "ఈ రబ్బరు గింత చలిలో గాజు లెక్క అయితది. ఉన్నకాడ ఉంటే ఏం కాదు. కదిపితే, వంచితే, పడేస్తే చీలుతది."

"పైకి ఏం కనపడ్తలేదు గదా?"

"ఇప్పుడు కనపడది. వెచ్చబడ్డంక చూడాలె. ఇప్పుడే వంచి చూసిన్నంటే మంచిగున్నది గూడ పగులుతది."

"చీలితే ఇంకోటి తెచ్చుకోరాదా?" అని నేనే అడిగాను.

"లేదు అత్తమ్మా. చీలిన టైరుతో నేను దిగను. ఇంకోటి వాళ్లు ఇయ్యరు. ఈ నాలుగు లేకుంటే పోటీ లేదు."

ఏడాది పొడుగునా పడ్డ కష్టం ఆ సిమెంటు నేల మీద పడి ఉంది. బాగుందో పాడైందో తెలియదు, తెలుసుకోవడానికి ముట్టుకోకూడదు. నాకు కోపం ఆగలేదు.

"అన్నిటినీ చల్లగ పెడితే బాగుపడతయి కదరా? నీ బుర్రను గూడ అండ్లనే పెట్టినవా?" అన్నాను.

అక్కకు ఎదురు చెప్పని తమ్ముణ్ణి నేను చూడటం అదే మొదటిసారి. వాడు చలి ప్లాంటు ఆపేయమని కేకేశాడు. కంప్రెసర్ ఆగితే గది దానంతటదే వెచ్చబడుతుంది, పైన మిగిలిన మూడింటినీ కదపకుండా సరిపోతుంది కదా అని వాడి ఆలోచన. ఆ కంప్రెసర్ ఆగితే తన గుండె ఆగినట్టు పరేషాన్ అయ్యే మనిషి వాడు. అంత మాట వాడి నోట వచ్చిందంటే ఎంత కుంగిపోయాడో నాకు అర్థమైంది. కానీ ఇంద్రజ ఒప్పుకోలేదు.

"వద్దు నాన్నా. ఈ బస్తాలు మనయి గావు. నిన్ను నమ్మి పెట్టినోళ్లయి. నా టైర్ల కోసం వాళ్ల మిర్చి చెడొద్దు."

కప్పు వస్తే రానీ, పోతే పోనీ, ఈ మాట చాలనుకున్నాను.

తర్వాత పని మొదలైంది. ఇంద్రజ చెప్పినట్టు హమాలీలు బస్తాలు లాగే కొక్కేలు పక్కన పెట్టేశారు. ఒక్కో టైరును ఇద్దరేసి పట్టుకుని, నొక్కకుండా, వంచకుండా, మెట్టు మెట్టుకూ చేతులు మార్చుకుంటూ దించారు. ఎప్పుడూ అరుచుకుంటూ పనిచేసే నాగేష్ మనుషులు ఒక్క మాట లేకుండా దించారు. చాంబర్‌కు, బయటి తలుపుకు మధ్య ఒక గది ఉంటుంది, నాలుగింటినీ అక్కడ నిలబెట్టారు. చల్లటి రబ్బరుకు గాలి తగలగానే మీద చెమట పట్టినట్టు నీళ్లు చేరాయి. ఇంద్రజ మెత్తటి బట్టతో అద్దుతూ కూర్చుంది.

అప్పుడు గోపాల్ ఇంకో పని చేశాడు. వాచ్‌మన్ బీరప్పను పిలిచి అతని గొంగడి తెమ్మన్నాడు. బీరప్పది చిలుకూరు, గొర్రెలు కాసే ఇల్లు. నల్లటి గొంగడి లేకుండా అతను చలికాలం గడప దాటడు. చలికి గొంగడి కప్పితే టైర్లు త్వరగా వెచ్చబడతాయని మా వాడి తెలివి. కప్పబోతుంటే నేను ఆపాను.

"ఐసుగడ్డకు ఊక కప్పి గోనె చుడితే ఏమైతది?" అని అడిగాను.

"కరగకుండ ఉంటది."

"మరి? గొంగడి వేడి పుట్టియ్యదురా. లోపల ఏది ఉంటే దాన్నే కాపాడుతది. ఇప్పుడు లోపలున్నది నీ చలి."

బీరప్ప నవ్వి గొంగడి భుజాన వేసుకున్నాడు. "నిజమే అమ్మా. వెచ్చదనం గొర్రెది, ఉన్ని పట్టుకుంటది అంతే" అన్నాడు.

ఆ మధ్య గది వెచ్చబడేది కాదు. బయట ఎండలో పెడితే ఒక పక్క వేడెక్కి ఒక పక్క చల్లగా ఉంటుంది, అదీ మంచిది కాదని ఇంద్రజ అంది. వెచ్చగా, పొడిగా, నీడగా ఉండాలి, వేడి అన్ని వైపుల నుంచి మెల్లగా తగలాలి. ఆ మాట ఆమె అంటుండగానే నేను నవ్వాను. నా మిల్లులో బాయిలర్ గోడకు అవతల ఒక గది ఉంది. ఖాళీ సంచులు పెట్టుకుంటాం. చలికాలంలో కూలీలంతా అన్నాలు అక్కడే తింటారు.

"మిర్యాలగూడ పోదాం పాండ్రి" అన్నాను.

రబ్బరు బిగువు కాస్త తగ్గేదాకా ఆగి, డీసీఎం వ్యాన్‌లో వరిగడ్డి మందంగా పరిచి నిలబెట్టాం. దారంతా దామరచర్ల వైపు పోయే లారీలన్నీ హారన్ కొట్టి మమ్మల్ని దాటేశాయి. ఎడ్లబండి కూడా దాటిపోతుందేమో అన్నంత మెల్లగా నడిపింది ఇంద్రజ. ఇది రేసు కారు నడిపే పిల్లేనా అని నేను ఆటపట్టించాను. ఆమె నవ్వలేదు. గోపాల్ వెనక గడ్డిలో, పడిన టైరు పక్కన కూర్చుని వచ్చాడు. ఖద్దరు చొక్కా నలగకుండా కుర్చీ తుడిచి కూర్చునే మనిషి వాడు.

మిల్లులో దిగగానే టైర్లకు పట్టిన మిర్చి ఘాటుకు మా కూలీలంతా తుమ్మడం మొదలుపెట్టారు. గది ఖాళీ చేయించి టైర్లను గోడకు దూరంగా నిలబెట్టించాను. ఒకే వైపు బరువు పడకుండా, వేడి ఒకే పక్క తగలకుండా అప్పుడప్పుడూ కాస్త తిప్పాలని ఇంద్రజ చెప్పింది. నేను తిప్పుతానన్నాడు గోపాల్. ఇంటికి పొమ్మన్నా పోలేదు. చలి వ్యాపారం చేసే మనిషికి ఆ వేడి అలవాటు లేదు. చొక్కా తడిసి ముద్దయింది. టీ తెస్తే తాగలేదు. జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు మాటిమాటికీ ఆ పడిన టైరు మీద చెయ్యి పెట్టి చూశాడు.

మర్నాడు ఉదయం ఇంద్రజ టార్చి పట్టుకుని వచ్చింది. ముందు మిగతా మూడూ చూసింది. తర్వాత నాలుగోదాని దగ్గర కూర్చుంది. అంచు అంచూ వేలితో తడిమింది. లోపలికి చెయ్యి పెట్టి చుట్టూ తిప్పింది. అరచేత్తో నొక్కింది. రబ్బరు లోపలికి దిగి మళ్లీ పైకి వచ్చింది. అప్పుడు పక్కలు పట్టుకుని మెల్లగా వంచింది. గోపాల్ అటు చూడలేక గోడ వైపు తిరిగాడు.

"చీలలేదు" అంది ఇంద్రజ.

వాడు వెనక్కి తిరగలేదు. భుజాలు మాత్రం కదిలాయి.

ఆమె అంతటితో నమ్మలేదు. ప్రయాణం ఒక పూట వెనక్కి జరిపి, టైర్లను తను వెంట తెచ్చుకున్న రిమ్ములకు ఎక్కించి, నిండా గాలి పట్టించి అదే గదిలో వదిలేసింది. సాయంత్రం మళ్లీ కొలిచింది. ఏ టైరులోనూ గాలి తగ్గలేదు. అప్పుడు నా వైపు తిరిగి, "అత్తమ్మా, ఇప్పుడు కావాలె గొంగడి" అంది. దారిలో మంచు, చెన్నై దగ్గర కూడా పొద్దున పూట చలి. వెచ్చబడ్డ రబ్బరు మళ్లీ చల్లబడకుండా చూసుకోవాలి. ఫోన్ చేస్తే బీరప్ప తనది, తన వాళ్లవి కలిపి నాలుగు గొంగళ్లు పంపాడు. టైరుకొకటి చుట్టాం.

నేను కూడా వ్యాన్‌లో బయల్దేరాను. గోపాల్ రానన్నాడు. "నా చెయ్యి పడ్డకాడ ఏదో ఒకటి అయితది" అన్నాడు. బతిమాలినా వినలేదు.

చెన్నై ట్రాక్ దగ్గర ఆ ఉదయం మంచుతో పాటు సన్నటి ఈదురుగాలి ఉంది. అందరి టైర్లూ బయట బారులు తీరి ఉన్నాయి. మావి వ్యాన్‌లో గొంగళ్ల కింద ఉన్నాయి. వాటిని దించుతుంటే పక్క జట్ల కుర్రాళ్లు ఫోటోలు తీసుకుని నవ్వారు. తనిఖీ అధికారి ఒకాయన గబగబా వచ్చాడు. ఆ పోటీలో కరెంటుతో టైర్లను వేడిచేసే దుప్పట్లు వాడకూడదు. ఆయన గొంగడిని అటూ ఇటూ తిప్పి, మడతల్లో వెతికి, వైరు ఎక్కడుందని అడిగాడు. ఇంద్రజ నాకు తెలుగులో చెప్పింది.

"వైరు లేదయ్యా, గొర్రె ఉన్నది" అన్నాను.

ఇంద్రజ దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. ఆయన నవ్వబోయి పెద్దగా తుమ్మాడు. మిర్చి ఘాటు గొంగళ్లకు కూడా పట్టింది. ముద్రలు చూశాడు, రబ్బరు చూశాడు, టార్చి వేసి పక్కలు చూశాడు. ఎక్కడా చిన్న గీత లేదని మెచ్చుకుని, ఎక్కడ దాచారని అడిగాడు. ఇంద్రజ తడుముకోకుండా చెప్పింది.

"మా నాన్న చూసుకున్నాడు."

ఆ మాటలో అబద్ధం ఎంతో నాకు తెలుసు, నిజం ఎంతో కూడా తెలుసు. గడ్డిలో కూర్చుని వచ్చిన వాడి ముఖం గుర్తొచ్చి కళ్లు తుడుచుకున్నాను. మిర్చి ఘాటని పక్కవాళ్లు అనుకుని ఉంటారు.

కారుకు ఎక్కించేదాకా టైర్ల మీద గొంగళ్లు తియ్యలేదు. పోటీ మొదలయ్యాక మొదటి మలుపులోనే తేడా కనిపించింది. చల్లటి టైర్లతో ముందున్న కార్లు మలుపు బయటి వైపుకు జారిపోయాయి. మా పిల్ల కారు లోపలి అంచు పట్టుకుని, గీత గీసినట్టు తిరిగింది. ఆ ఒక్క చుట్టులోనే ఇద్దరిని దాటింది. తర్వాత అందరి టైర్లూ వేడెక్కాయి, అందరూ సమానమే. అక్కణ్నుంచి ఇక అదంతా ఆమె చేతుల పని, ఆమె గుండె పని. వెనక నుంచి ఒకతను చివరిదాకా తరిమాడు. ఒకసారి రెండు కార్ల చక్రాలు తగిలేంత దగ్గరికి వచ్చాడు. మా పిల్ల దారి ఇవ్వలేదు. ఆ పోటీలో రెండో స్థానంలో వచ్చింది, ఏడాది మొత్తం మీద మొదటిది. కప్పు మాది. నా వయసు మరిచిపోయి ఇనుప కంచె పట్టుకుని ఎగిరాను.

తిరిగి వచ్చేటప్పుడు ముందు సూర్యాపేటలో ఆగాం. కోల్డ్ స్టోరేజీ గేటు ముందు హమాలీలంతా నిలబడి ఉన్నారు. ఫోన్లలో చూశారట. బీరప్ప గొంగళ్లు దులిపి లెక్కపెట్టుకుని, చెన్నై చూసొచ్చినయి అని మురిసిపోయాడు. గోపాల్ అందరి వెనక ఉన్నాడు. ఇంద్రజ కప్పు నాగేష్ చేతికిచ్చి, వ్యాన్‌లోంచి ఒక టైరు దొర్లించుకుంటూ తండ్రి దగ్గరికి వెళ్లింది. అరిగి, గరుకెక్కి, చిన్న రాళ్లు అంటుకుని ఉంది.

"ఆ పడ్డదే నాన్నా. ఆఖరిదాకా నిలబడ్డది. ఇది నీకు" అంది.

వాడు దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. జనం ముందు ఏడవడం నామర్దా అనుకునే మనిషి, ఆ రోజు ఎవరినీ పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున నా మిల్లు ముందు వాడి కారు ఆగింది. వెనక సీట్లో టైరు ఉంది. పడిపోకుండా బెల్టు కూడా పెట్టాడు. దాన్ని దించుకుని, గుమ్మంలో నిలబడి, నా ముఖం చూడకుండా అడిగాడు.

"అక్కా, ఆ గోడ పక్క గదిలో జర జాగ ఉన్నదా? నా దగ్గర చలి ఎక్కువ."

ఈ మాట కోసం నేను జన్మంతా ఎదురుచూశాను. వాడు ఎప్పుడైనా ఒప్పుకుంటే ఏమనాలో ఎన్నో జవాబులు తయారు చేసి పెట్టుకున్నాను. అరిగిపోయిన టైరుకు చలి ఏం చేస్తుందిరా అని కూడా అడగొచ్చు. అవన్నీ వదిలేసి, కూలీలను పిలవకుండా నేనే సంచులు పక్కకు లాగి చోటు చేశాను. వాడు టైరును గోడకు దూరంగా నిలబెట్టి, అలవాటుగా కాస్త తిప్పి, దాని పక్కనే సంచుల మీద కూర్చున్నాడు. నేను ఇద్దరికీ టీ చెప్పాను.